గుండె దడకు అర్థం వెతికిన డాక్టర్

మా ఓపీలో తరచూ కనిపించే దృశ్యమిది. సిరిసిల్ల నుంచి ఒకరు, కోరుట్ల నుంచి ఇంకొకరు, జగిత్యాల పక్క ఊరి నుంచి మరొకరు వస్తారు. గుండె దడదడలాడుతోందంటారు, ఊపిరి ఆడటం లేదంటారు, చేతులు వణుకుతున్నాయంటారు. ఈసీజీ తీస్తాం. రక్తహీనత, థైరాయిడ్ ఉన్నాయేమో చూస్తాం. చాలామందిలో అన్నీ బాగానే ఉంటాయి. ఆ మాట చెప్పినా వాళ్ల ముఖంలో ఊరట కనిపించదు. ఏ జబ్బూ లేకపోతే మరి ఈ దడ ఎక్కడిది?

మా ప్రాంతంలో దీనికి రెండు మాటలున్నాయి. ఒకటి బుగులు, రెండోది రంది. కొడుకు గల్ఫ్‌లో ఉన్న తల్లికి, పని లేక సాంచాలు ఆగిపోయిన నేత కార్మికుడికి ఈ మాటలు బాగా తెలుసు. అయితే బుగులు మనసులో పుట్టి గుండెకు దిగుతుందా, గుండెలో పుట్టి మనసుకు ఎక్కుతుందా? ఎంఏ సైకాలజీ విద్యార్థులు భావోద్వేగాల పాఠంలో మొదట ఎదుర్కొనే ప్రశ్న ఇదే. దాన్ని 1884లో సూటిగా అడిగిన వ్యక్తి విలియం జేమ్స్. ఆయనా డాక్టరే. ఆ దడ ఆయనకూ అనుభవమే.

బొమ్మల నుంచి వైద్యానికి

జేమ్స్ 1842 జనవరి 11న న్యూయార్క్‌లో పుట్టారు. ప్రసిద్ధ నవలా రచయిత హెన్రీ జేమ్స్ ఆయన తమ్ముడే. ఏం చదవాలో విలియంకు చాలాకాలం తేలలేదు. మొదట చిత్రకళ నేర్చుకున్నారు. అది వదిలేసి 1861లో హార్వర్డ్‌లో రసాయన శాస్త్రంలో చేరారు. 1864లో అక్కడే వైద్య విద్యకు మారారు. మధ్యలో అగాసీ అనే శాస్త్రవేత్త బృందంతో అమెజాన్ అడవులకు వెళ్లి, అక్కడ మశూచి బారిన పడ్డారు. ఆ తర్వాత నడుం నొప్పి, కళ్ల బాధ, నిద్రలేమి పట్టుకున్నాయి. చికిత్స కోసం జర్మనీ వెళ్లినప్పుడు, మనసును కూడా ప్రయోగశాలలో పరిశీలించవచ్చన్న కొత్త ఆలోచన అక్కడ పరిచయమైంది. 1869లో ఎండీ పట్టా అందుకున్నారు గానీ ప్రాక్టీసు మాత్రం ఎన్నడూ పెట్టలేదు.

చీకటి రోజులు

పట్టా చేతికొచ్చాక ఆయన తీవ్రమైన డిప్రెషన్‌లోకి జారిపోయారు. చనిపోవాలన్న ఆలోచనలూ వచ్చాయి. ఒక సాయంత్రం ఏ కారణమూ లేకుండా భయం ముంచెత్తింది. గతంలో పిచ్చాసుపత్రిలో చూసిన ఒక రోగి కళ్ల ముందు మెదిలాడు. తన గతీ అంతేనేమోనని వణికిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు ఒంటరిగా ఉండాలంటేనే బెదిరేవారు. ఇప్పటి వైద్యులు దీన్ని పానిక్ అటాక్ అనేవారేమో.

1870 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ తత్వవేత్త రెనూవియే రచనలు చదివి, మనిషికి తన దారి తాను ఎంచుకునే స్వేచ్ఛ ఉందని నమ్మాలని నిశ్చయించుకున్నారు. రోజూ చిన్న చిన్న పనులు పట్టుదలగా చేయడం అలవాటు చేసుకున్నారు. క్రమంగా కోలుకున్నారు. సంకల్పం ఒక్కటే జబ్బును నయం చేసిందని దీనర్థం కాదు. దిగులు ఆ తర్వాతా అప్పుడప్పుడూ తిరిగొచ్చింది. అప్పట్లో ఇప్పటి మందులూ లేవు, కౌన్సెలింగూ లేదు.

1902లో వచ్చిన పుస్తకంలో ఆ సాయంత్రం సంగతి రాశారు. కానీ తనదని చెప్పలేదు, ఎవరో ఫ్రెంచ్ వ్యక్తి అనుభవమన్నట్టు రాశారు. అది తనదేనని తర్వాత ఒప్పుకొన్నారు. అంత పేరున్న ప్రొఫెసరే అలా జంకితే, మన వాళ్లు మానసిక బాధను దాచుకోవడంలో వింతేముంది?

పాము, పరుగు, భయం

1870ల మొదట్లో హార్వర్డ్‌లో శరీరధర్మ శాస్త్రం బోధించడం మొదలుపెట్టి, 1875లో మనస్తత్వ శాస్త్ర పాఠాలు ప్రారంభించారు. 1878లో ఆలిస్ గిబెన్స్‌తో పెళ్లయింది. ఆ ఏడాదే ఒక పాఠ్యపుస్తకానికి ఒప్పుకొన్నారు. దాన్ని పూర్తి చేయడానికి పన్నెండేళ్లు పట్టింది. ఈలోగా 1885లో చిన్న కొడుకు కోరింత దగ్గుతో చనిపోయాడు. చివరికి 1890లో రెండు సంపుటాల సైకాలజీ గ్రంథం వెలువడింది.

ఆయన సిద్ధాంతం సులువుగా చెప్పుకుందాం. పసుపు చేనులో పాము కనిపించింది. ముందు భయపడతాం, తర్వాత గుండె దడదడలాడుతుంది, పరుగెత్తుతాం అనుకుంటాం మనం. జేమ్స్ దాన్ని తిరగేశారు. పామును చూడగానే ముందు శరీరం స్పందిస్తుంది, ఆ దడను, ఆ వణుకును గమనించడమే భయం అన్నారు. 1885లో డెన్మార్క్ వైద్యుడు కార్ల్ లాంగే కూడా విడిగా ఇలాంటి అభిప్రాయానికే వచ్చారు. అందుకే దీన్ని జేమ్స్-లాంగే సిద్ధాంతం అంటారు.

దీనికి గట్టి ఎదురుదెబ్బ హార్వర్డ్ నుంచే తగిలింది. వాల్టర్ కానన్ 1927లో అభ్యంతరాలు లేవనెత్తారు. కోపంలోనూ భయంలోనూ గుండె ఒకేలా కొట్టుకుంటుంది, మరి తేడా ఎలా తెలుస్తుందని అడిగారు. అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇస్తే దడ వస్తుంది గానీ, అసలైన భయం రాదు కదా అన్నారు. 1962లో షాక్టర్, సింగర్ ఒక మధ్యేమార్గం చూపారు. శరీరంలో కదలిక ఒకటి, దానికి మనం చెప్పుకునే అర్థం మరొకటి, రెండూ కలిస్తేనే భావోద్వేగమన్నారు. తర్వాతి ప్రయోగాల్లో అవే ఫలితాలు పూర్తిగా రాలేదు. చర్చ ఇప్పటికీ ముగియలేదు.

జేమ్స్ గుండె కొండలెక్కే శ్రమతో 1898లో దెబ్బతింది. 1910 ఆగస్టు 26న న్యూహాంప్‌షైర్‌లోని తన ఇంట్లో కన్నుమూశారు. మనసు దడనూ నిజమైన గుండె జబ్బునూ రెంటినీ అనుభవించిన మనిషాయన.

మనకేమిటి?

ఆయన జీవితం నాకు నేర్పిందిది. రిపోర్టులు బాగున్నాయంటే రోగి అబద్ధం చెబుతున్నట్టు కాదు. దడ నిజం. దానికి చెప్పుకునే అర్థం తప్పు కావచ్చు. గుండెపోటు వస్తోందనుకుంటే భయం పెరుగుతుంది, భయం దడను ఇంకా పెంచుతుంది. ఈ చక్రం తెలిస్తే సగం భారం దిగుతుంది. నిదానంగా శ్వాస తీసుకోవడం, రోజూ నడక, వేళకు నిద్ర మేలు చేస్తాయి.

అయితే ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి లాగడం, చెమటలు, స్పృహ తప్పడం ఉంటే బుగులే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి రండి. గుండె బాగుందని తేలాక కూడా దడ వేధిస్తుంటే, రంది వారాల తరబడి వదలకుంటే, చనిపోవాలనిపిస్తుంటే మానసిక వైద్యుల్ని కలవండి. టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. జేమ్స్‌లా ఇంకెవరి కథగానో చెప్పనక్కర్లేదు. మీ బాధను మీ పేరుతోనే చెప్పండి.