జంతువుల కథలో మనుషులను చూపిన జార్జ్ ఆర్వెల్

పైకి ఒక కథ, లోపల ఇంకో కథ ఉంటే దాన్ని ‘ఎలిగరీ’ అంటారని ఇంగ్లిషు క్లాసులో విన్నప్పుడు మేము స్పెల్లింగు కోసం పక్కవాడి నోట్సులోకి తొంగిచూశాం. ఉదాహరణగా లెక్చరరు గారు ‘యానిమల్ ఫామ్’ నవల చదవమన్నారు. నీతిచంద్రికలో నక్కలూ ఎద్దులూ మాట్లాడుకోవడం తెలిసినవాళ్లమే కనుక పందులు మాట్లాడితే మాకు వింత అనిపించలేదు. రచయిత మన దేశంలో పుట్టారని తెలిసినప్పుడే ఆశ్చర్యపోయాం.

ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903 జూన్ 25న ఇప్పటి బీహారులోని మోతిహారిలో పుట్టారు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. మరుసటి ఏడే తల్లి ఇంగ్లండు తీసుకుపోయింది. ఎనిమిదో ఏట సగం ఫీజు మీద ఒక రెసిడెన్షియల్ బడిలో చేర్చారు. మా దయవల్ల చదువుతున్నావని అక్కడివారు గుర్తుచేసేవారట. పెద్దయ్యాక ఆయన రాసిన ఆ వ్యాసం చనిపోయాకే అచ్చయింది. అది చదివి మేము కాసేపు పుస్తకం మూసేశాం. స్కాలర్‌షిప్ రాక, ఫీజు కట్టలేక అందరి ముందూ నిలబడటం ఎలా ఉంటుందో మన హాస్టల్లో ఎవరికి తెలియదు?

ఈటన్‌లోనూ స్కాలర్‌షిప్ మీదే చదివారు. యూనివర్సిటీకి వెళ్లలేదు. 1922లో బర్మాలో పోలీసు అధికారిగా చేరి, ఐదేళ్లకు ఆ ఉద్యోగం వదిలేశారు. ప్యారిస్ హోటల్లో గిన్నెలు తోమారు. ఆ అనుభవాలతో 1933లో వచ్చిన మొదటి పుస్తకం మీదే ఆర్వెల్ అన్న కలంపేరు పెట్టుకున్నారు. అది ఇంగ్లండులో ఒక నది పేరు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టుల మీద పోరాడుతుంటే 1937లో గొంతులోంచి తూటా దూసుకుపోయింది. స్టాలిన్ అనుకూలురు తన తోటివారినే ద్రోహులుగా ముద్రవేసి జైళ్లలో పెట్టడం అక్కడే చూశారు. 1941 నుంచి 1943 దాకా బీబీసీలో మన దేశానికి ప్రసారాలు చేశారు. ఆయన నడిపిన కవిత్వ కార్యక్రమంలో ‘అన్‌టచబుల్’ రాసిన ముల్క్ రాజ్ ఆనంద్ కూడా పాల్గొన్నారు.

‘యానిమల్ ఫామ్’ను చాలామంది ప్రచురణకర్తలు తిప్పిపంపారు. యుద్ధంలో రష్యా ఇంగ్లండుకు మిత్రదేశం మరి! 1944లో ఇంటి మీద బాంబు పడితే శిథిలాల్లోంచి రాతప్రతి తీసుకున్నారు. చివరకు 1945 ఆగస్టులో పుస్తకం వచ్చింది. నెపోలియన్ అనే పంది స్టాలిన్, స్నోబాల్ ట్రాట్‌స్కీ అని పరీక్షకు బట్టీపట్టాం. కానీ మనసులో మిగిలింది బాక్సర్ అనే గుర్రమే. అందరికంటే ఎక్కువ కష్టపడేది అదే. అక్షరాలు మాత్రం ‘డి’ దాటి రాలేదు. ఒళ్లు చెడ్డాక పందులు దాన్ని కబేళాకు అమ్మేశాయి. బండి మీద రాసి ఉన్నది గాడిద చదివి చెప్పేసరికే బాక్సర్ లోపల ఉంది. సెలవుల్లో ఇంటికెళ్లి ఈ కథ మా నాన్నకు చెప్పాం. నాన్న వేలిముద్ర మనిషి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ గాడిద ముందే ఎందుకు చదవలేదని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

క్షయతో బాధపడుతూనే స్కాట్లండు దీవి జురాలో ‘1984’ నవల పూర్తిచేశారు. అది 1949లో వచ్చింది. 1950 జనవరి 21న, 46 ఏళ్లకే, లండన్ ఆసుపత్రిలో కన్నుమూశారు. సమాధి రాయి మీద ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ అని మాత్రమే ఉంది.