యల్లాప్రగడ సుబ్బారావు

మొదటి ప్రపంచ సంగ్రామము 1918వ సంవత్సరమున ముగిసెను. ఐరోపా దేశములు అప్పులలో మునిగియుండగా అమెరికా సంయుక్త రాష్ట్రములు వానికి అప్పిచ్చిన దేశమై నిలిచెను. అచ్చట మోటారు బండ్లును, రేడియోలును సామాన్యుల యిండ్లకు చేరుచుండెను. అయితే కలిమితోపాటు పరదేశీయులయెడ విముఖతయు పెరిగెను. భారతీయులు అమెరికా పౌరులగుటకు అర్హులు కారని 1923 ఫిబ్రవరిలో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ యేడాది అక్టోబరులోనే ఒక తెలుగు యువకుడు వైద్యశాస్త్ర పరిశోధనము నాశించి బోస్టను నగరమును చేరెను. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి మరణానంతరము తల్లి ఎన్నో కష్టముల కోర్చి కుమారుని చదివించెను. మదరాసు వైద్య కళాశాలలో చదువునపుడు ఆయన గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించెను. అది ఒక ఆంగ్లేయ ఆచార్యునకు గిట్టలేదు. తత్ఫలితముగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. యౌవనముననే ఆయన సోదరు లిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొలదిదినముల తేడాలో మరణించిరి. ఆ వ్యాధికి తగిన మందు లేదను బాధ ఆయన మనస్సున నాటుకొనెను.

మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు ధనసహాయము చేయగా, భార్య శేషగిరిని స్వదేశమున విడిచి ఆయన పయనమయ్యెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున పగలు చదువుచు, రాత్రివేళ ఆసుపత్రిలో సేవకుని పని చేసి పొట్ట పోసికొనెను. 1924లో వెలువడిన వలస శాసనము ఆసియావాసులకు అమెరికా ద్వారములను మూసివేసెను. విద్యార్థులకు మాత్రము ప్రవేశ ముండెను. పౌరసత్వపు ద్వారము మూసియున్నను ప్రయోగశాల ద్వారము తెరచియే యున్నదని సుబ్బారావు గ్రహించెను. ఫిస్కే అను ఆచార్యునితో కలసి ఆయన రక్తమునందలి భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించెను. కండరములకు శక్తి యెట్లు లభించునో తెలుపు పరిశోధనలు 1927లోను, 1929లోను వెలువడెను.

1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల విపణి కూలిపోయెను. అనతికాలములోనే ఆ దేశమున కోటిమందికి పైగా పనిలేనివారైరి. సంగ్రామానంతరపు భాగ్యము పదేండ్లు దాటి నిలువలేదు. సుబ్బారావు 1930లో డాక్టరు పట్టము నందినను, హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో ఆయన లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, పరిశోధనలకు అధిపతి యయ్యెను. ఆయన బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయ్యెను. బాలలకు వచ్చు రక్తపు క్యాన్సరును తొలిసారి అణచిన ఔషధమును, ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవనాశకమును ఆ ప్రయోగశాలనుండియే వెలువడెను.

రెండవ సంగ్రామము ముగిసిన మరుసటి యేడు, అనగా 1946లో, అమెరికా తన శాసనమును సడలించి భారతీయులకు పౌరులగు హక్కు నిచ్చెను. ఏటా నూరుగురికి వలస వచ్చుటకు అనుమతించెను. సుబ్బారావు ఆ హక్కును వినియోగింపలేదు. 1948 ఆగస్టులో భారతీయుడుగనే ఆయన కన్నుమూసెను. స్వదేశమునకు మరల రానేలేదు. శేషగిరి ఆయనను తిరిగి చూడనేలేదు. ఆయన సాధించిన విజయములకు ఆమెయు మూల్యము చెల్లించినది.

భోగాపురము వంటి సముద్రతీర ప్రాంతములలో బోదకాలు చిరకాలముగ ప్రజలను పీడించిన వ్యాధి. దోమకాటుచే వ్యాపించు ఆ వ్యాధి క్రిములను రక్తమునందే చంపు మందును సుబ్బారావు బృందమే 1947లో వెలువరించెను. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి పంచిన బోదకాలు మాత్ర అదియే. దానిని మ్రింగినవారిలో పెక్కురు ఆయన పేరైన నెరుగరు. సుబ్బారావు కీర్తిని వెదకలేదు. తన్ను నిరాకరించిన వారిపై కక్షయు వహింపలేదు. రోగి యే దేశపువాడో అడుగక మందును వెదకెను. విద్యార్థులారా! విద్యకు సార్థక్యము ఇట్టి సేవయే.