షేక్ అహ్మద్ బిన్ దల్మూక్: ముత్యాల సొమ్ముతో బడి పెట్టిన వర్తకుడు

మన మారిషస్ నుండి ఉద్యోగాల కొరకు దుబాయి వెళ్లే యువకులు నేడు అనేకులు. వారిని చూడడానికి వెళ్లిన పెద్దలకు పిల్లలు ఎత్తైన భవనాలను, పెద్ద పెద్ద అంగళ్లను చూపిస్తారు. అదే నగరంలో, డేరా ప్రాంతపు అల్ రాస్ వీధులలో, ఒక పాత బడి ఉన్నది. దాని పేరు అల్ అహ్మదియా. దానిని స్థాపించినవారు షేక్ అహ్మద్ బిన్ దల్మూక్. ఆయన మన భాషవారు కారు, మన మతస్థులు కారు. అయినను పేదవాని బిడ్డ చదువు ఎవరి బాధ్యత అనే ప్రశ్న ఆయన కథలో ఉన్నది. అది మన ప్రశ్న కూడా. అందుచేత ఆయన జీవితాన్ని ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆయన కాలంలో ఐక్య అరబ్ ఎమిరేట్స్ అనే దేశం లేదు. ఆ దేశం 1971లో ఏర్పడినది. అప్పటికి చమురు కూడా దొరకలేదు. దుబాయి సముద్రపు పాయకు ఇరువైపుల నున్న చిన్న రేవు పట్టణం. జనులకు ప్రధానమైన జీవనాధారం ముత్యాలు. వేసవి నెలలలో పడవలు సముద్రంలోనికి వెళ్లేవి. ఆ ముత్యాలు ఎక్కువగా బొంబాయికి చేరి, అక్కడి నుండి లోకమంతటికి పోయేవి. అందువలన దుబాయి బజారులో చెల్లిన నాణెము మన భారతదేశపు రూపాయే. షేక్ అహ్మద్ ఈ ముత్యాల వర్తకంలో పేరు, ధనము సంపాదించిన వ్యక్తి. షేక్ అన్న బిరుదు రాజులకే కాక గౌరవనీయులైన పెద్దలకు కూడా చెల్లుతుంది. ఆయన రాజు కారు, వర్తకుడు.

ముత్యం ఎలా వచ్చేదో కూడా మనము తెలుసుకోవాలి. మునిగేవాడు ముక్కుకు బిగింపు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని, ఊపిరి బిగబట్టి సముద్రపు అడుగుకు దిగేవాడు. రోజుకు ఎన్నోసార్లు దిగేవాడు. బయలుదేరే ముందు ఇంటి ఖర్చులకు బయానా తీసుకొనేవాడు. ముత్యాలు సరిగా దొరకని ఏడు ఆ బయానా అప్పుగా మిగిలేది. తండ్రి చనిపోతే ఆ అప్పు కొడుకు మీద పడుట కూడా ఆ తీరంలో వాడుక. ఒప్పందానికి కట్టుబడి కోరంగి రేవులో ఓడ ఎక్కిన మన పూర్వుల వారసులకు ఈ సంగతి వేరుగా వివరించనక్కరలేదు. వర్తకుల ధనం వెనుక ఈ శ్రమ ఉన్నది. దానిని మరచి దాతను పొగడడం న్యాయం కాదు.

ఆ రోజులలో పిల్లలు ఖురాను పఠనం నేర్పే గురువుల వద్ద కూర్చుండి చదివేవారు. క్రమమైన తరగతులు, పలు విషయాలు గల పాఠశాల దుబాయిలో లేదు. ఆ లోటును తీర్చడానికి షేక్ అహ్మద్ పూనుకొన్నారు. 1912లో ఆయన పేరిట అల్ అహ్మదియా పాఠశాల వెలసినది. దుబాయి పాఠశాలలలో అది మొదటిదిగా ప్రసిద్ధి పొందినది. పగడపు రాతితో, జిప్సంతో గోడలు కట్టారు. నడుమ ముంగిలి, చుట్టును గదులు ఏర్పరచారు. తరువాత పై అంతస్తు కూడా చేర్చారు. మత విద్యతో పాటు అరబ్బీ భాష, చేతివ్రాత, లెక్కలు నేర్పేవారు. లెక్కలు వచ్చినవానిని అప్పుల పుస్తకంలో మోసగించుట కష్టం. ఆ ఊరిలో ఆ చదువు విలువ అంతటిది.

షేక్ అహ్మద్ మరణించిన పిమ్మట ఆయన కుమారుడు షేక్ మొహమ్మద్ బిన్ అహ్మద్ బిన్ దల్మూక్ బడి భారం వహించారు. కలిగినవారి పిల్లలు నెలకు కొద్ది రూపాయలు రుసుముగా చెల్లించేవారు. ఇవ్వలేని పేదపిల్లల రుసుమును షేక్ మొహమ్మదే భరించేవారు. పేదపిల్లల కొరకు వేరొక బడి పెట్టలేదు. రుసుము ఇచ్చినవాడు, ఇవ్వనివాడు ఒకే గదిలో ఒకే గురువు వద్ద చదివారు. తరువాత దుబాయి పాలకులైన షేక్ రషీద్ బిన్ సయీద్ అల్ మక్తూమ్ కూడా బాల్యంలో ఆ బడి విద్యార్థియే.

కాని ఆ బడికి ఆధారం ముత్యం. జపానులో మికిమోటో మొదలైనవారు ముత్యపు చిప్పలను పెంచి ముత్యాలను పండించే విద్యను సాధించారు. ఆ ముత్యాలు చౌకగా బజారుకు వచ్చినవి. 1929లో లోకమంతటా ఆర్థిక మాంద్యం మొదలైనది. గల్ఫు ముత్యానికి ధర పడిపోయినది. వర్తకులు చితికిపోయారు. 1932లో అల్ అహ్మదియా తలుపులు మూతపడినవి. దాతల మనసు మారలేదు, చేతిలో సొమ్ము లేకపోయినది. 1937లో ప్రభుత్వ సహాయంతో బడి తిరిగి తెరచుకొన్నది. 1962 నాటికి విద్యార్థులు ఎనిమిది వందలు దాటారు. పాత ఇల్లు చాలక, మరుసటి ఏడు బడి విశాలమైన స్థలానికి మారినది. పాత కట్టడాన్ని బాగుచేసి 1997లో ప్రదర్శనశాలగా తెరిచారు.

ఈ కథలో మాకు ఎక్కువగా పట్టిన భాగం ఆ మూతపడిన అయిదేండ్లు. ఆ అయిదేండ్లలో చదువు వయస్సు దాటిపోయిన పిల్లలకు తరువాత తెరిచిన తలుపు వలన ఏమి ప్రయోజనం? మా తరానికి ఈ బాధ తెలుసు. మారిషస్‌లో మాధ్యమిక విద్య 1977లో ఉచితమైనది. మాలో కొందరము ఆ ఏట తరగతిలో ఉన్నాము. మా అక్కలు, అన్నలు అంతకు ముందే రుసుము కట్టలేక ఆరవ తరగతితో ఆగి, చెరకు తోటలకు వెళ్లారు. వారు మాకంటె తెలివైనవారే.

మా ఆలయంలోని శనివారపు తెలుగు తరగతి కూడా ఒకప్పుడు ఒక్క దాత మీద నడచినది. ఆయన వ్యాపారం దెబ్బతిన్న ఏడు గురువుగారి జీతం ఆగినది, తరగతి ఆగినది. ఆయనను తప్పు పట్టలేము. ఒక్కరి మీద అంత బరువు వేసిన తప్పు మాది. ఇప్పుడు ఇంటింటి నుండి నెలకు కొద్ది సొమ్ము చొప్పున సేకరిస్తున్నాము. తరగతి నడుస్తున్నది. పుస్తకాలు కొనలేని పిల్లలకు ఆ సొమ్ముతోనే కొంటున్నాము. ఎవరి పిల్లలకు కొన్నామో కమిటీలో తప్ప ఎక్కడా చెప్పము.

ఈసారి దుబాయి వెళ్లినప్పుడు పిల్లలతో కలిసి అల్ రాస్ వీధులకు వెళ్లండి. ఆ బడి ముందు ఒక్క క్షణం నిలిచి షేక్ అహ్మద్‌కు, ఆయన కుమారునికి నమస్కరించండి. సముద్రంలో ఊపిరి బిగబట్టిన పేరు లేనివారిని కూడా తలచుకొనండి. తిరిగి వచ్చిన తరువాత శనివారం నాడు తరగతికి రండి, మీ పిల్లలను తీసుకొని రండి.