రోగిశయ్య చెంత గురువు: విలియం ఆస్లర్

వైద్యలోకంలో మహోపాధ్యాయునిగా కీర్తిగాంచిన విలియం ఆస్లర్ 1849 జూలై 12న కెనడాలోని బాండ్‌హెడ్ అనే పల్లెలో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించారు. తండ్రి మార్గాన్నే అనుసరింపదలచి కళాశాలలో చేరి, ఏడాదిలోనే వైద్యవిద్య వైపు మరలారు. 1872లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయ పట్టభద్రులై, రెండేళ్లకే అక్కడ ఆచార్యులయ్యారు. పిదప ఫిలడెల్ఫియా, 1889లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి.

ఆనాటి అమెరికాలో వైద్యవిద్య అధికంగా ఉపన్యాస మందిరంలోనే ముగిసేది. ఆస్లర్ విద్యార్థులను వార్డులలోనికి కొనిపోయి, రోగి మంచం ప్రక్కన నిలిపి, చూచుట, వినుట నేర్పారు. నల్లబల్లను నమ్ముకొని దశాబ్దాలు గడిపిన నాబోటి ఉపాధ్యాయినికి ఈ ఘట్టం చదివినప్పుడెల్లా కొంత సిగ్గు కలుగుతుంది.

అంతకంటె ఆశ్చర్యకరమైన కార్యం మరొకటి. 1900 నుండి 1904 వరకు ఆ ఆసుపత్రిలో కన్నుమూసిన దాదాపు 500 మంది అంతిమ ఘడియలను ఆయన కార్డులపై వ్రాయించారు. బాధపడ్డారా? భయపడ్డారా? స్పృహ ఎంతవరకు నిలిచింది? చెంతనున్నవారు సమాధానాలు నింపేవారు. అత్యధికులు నిద్రలోనికి జారినట్లే వెళ్లిపోయారని ఆయన తేల్చారు. శారీరకంగా బాధపడినవారు 90 మంది మాత్రమేనట! ఆ తొంబది నాకు చిన్న సంఖ్యగా తోచదు. అయినా, నయంకాని రోగి కడగంటి చూపును కూడ వైద్యుడు గమనింపవలసినదే అని విద్యార్థులకు తెలిసివచ్చింది గదా!

1905లో ఆక్స్‌ఫర్డు చేరారు. అక్కడ మృత్యుముఖంలో ఉన్న ఒక పసిపాపను ప్రతిదినం రెండు పర్యాయాలు చూడవచ్చేవారు. ఒకనాడు కోటు లోపలి జేబులోనుండి కాగితంలో చుట్టిన ఎర్రగులాబీని తీసి ఆమెకిచ్చి, కథ చెప్పారు. మందు పనిచేయని చోట వైద్యునికి ఇంకేమి పని అని అడిగేవారికి ఆ పువ్వు చాలును.

1917 ఆగస్టులో బ్రతికియున్న ఏకైక కుమారుడు రెవియర్ 21 ఏళ్ల ప్రాయంలో యుద్ధభూమిలో గాయపడి మరణించాడు. తండ్రి ఆ దుఃఖం నుండి కోలుకొనలేదు. శ్వాసకోశ వ్యాధితో నెలల తరబడి బాధపడి 1919 డిసెంబరు 29న పరమపదించారు.

ఆ కార్డులు నేటికీ మెగిల్‌లోని ఆయన పేరిటి గ్రంథాలయంలో భద్రంగా ఉన్నవి. 1970వ దశకంలో బాల్ఫర్ మౌంట్ అనే వైద్యుడు, మరణాసన్నుల సేవకు పాలియేటివ్ కేర్ అని పేరుపెట్టి ప్రత్యేక విభాగం నెలకొల్పినదీ ఆ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలోనే.