ఐడా వెల్స్: వెనక వరసలో నడవనన్న టీచరమ్మ



ఆడవాళ్ల ఓటు హక్కు మీద ఎక్కడ డిబేట్ పెట్టినా ఒకటే వరస. ఒక జట్టు ఇవ్వాలంటుంది, రెండో జట్టు ఇవ్వొద్దంటుంది. ఇవ్వొద్దని మనస్ఫూర్తిగా వాదించేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు? అందుకే గొంతు పెద్దగా ఉన్నవాళ్లకి, రెండు కవితలు అప్పజెప్పినవాళ్లకి ప్రైజు పోతుంది. నా పీజీ క్లాసులోనూ అదే జరిగింది. అసలు పోరాటంలో గట్టి వాదన జరిగింది ఓటు కోరేవాళ్ల మధ్యనే. అది ఐడా బి. వెల్స్ జీవితం చదివాక నాకు తెలిసింది.

ఐడా 1862 జూలై 16న అమెరికాలో మిసిసిపి రాష్ట్రం హాలీ స్ప్రింగ్స్‌లో పుట్టింది. తల్లీ తండ్రీ బానిసలు. తండ్రి జేమ్స్ వడ్రంగి. బానిసత్వం పోయాక తల్లి ఎలిజబెత్ తన పిల్లలతో పాటే బడికెళ్లి చదవడం నేర్చుకుంది. (మన అమ్మలు కొందరు సాక్షరతా కేంద్రంలో పలక పట్టిన సంగతి గుర్తు చేసుకోండి.)

1878లో యెల్లో ఫీవర్ వచ్చి అమ్మా నాన్నా, పసి తమ్ముడూ చనిపోయారు. ఐడాకి పదహారేళ్లు. మిగిలిన పిల్లల్ని తలా ఒక ఇంటికి పంచేద్దామని పెద్దలు నిర్ణయించారు. ఆమె ఒప్పుకోలేదు. పెద్దదానిలా కనబడాలని గౌన్లు పొడుగు చేయించుకుని, పల్లెటూరి టీచరు పరీక్ష రాసి పాసైంది. జీతం నెలకి 25 డాలర్లు. బడి ఆరు మైళ్ల దూరం. వారమంతా అక్కడే ఉండి, శుక్రవారం సాయంత్రం కంచరగాడిద ఎక్కి తమ్ముళ్ల, చెల్లెళ్ల దగ్గరికి వచ్చేది.

తర్వాత మెంఫిస్ నగరంలో టీచరుగా చేరింది. అక్కడ నల్లజాతి టీచర్లంతా శుక్రవారం సాయంత్రాలు ఒక చర్చిలో కలిసేవారు. పద్యాలు చదివేవారు, వ్యాసాలు వినిపించేవారు, డిబేట్లు పెట్టుకునేవారు. చివర్లో తమ సొంత పత్రికని పైకి చదివేవారు. ఆ పత్రిక సంపాదకత్వం ఐడాకి వచ్చింది. ఆమె రాతకి అక్కడే పదును పట్టింది. శనివారం రాత్రి మన స్టడీ అవర్ అయ్యాక జరిగే సాహిత్య సమావేశాన్ని చిన్నచూపు చూడొద్దని జూనియర్లకు చెబుతున్నాను.

1884లో రైల్లో ఆడవాళ్ల పెట్టెకి టికెట్ కొనుక్కుని కూర్చుంటే కండక్టర్ లేచి వేరే పెట్టెలోకి పొమ్మన్నాడు. లేవలేదు. చెయ్యి పట్టి లాగితే కొరికింది. ముగ్గురు కలిసి దింపేశారు. ఆమె రైలు కంపెనీ మీద దావా వేసి 500 డాలర్లు గెలిచింది. 1887లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, ఖర్చులు ఆమె మీదే వేసింది. 1891లో నల్లపిల్లల బడుల దుస్థితి గురించి తన పత్రికలో రాసినందుకు టీచరు ఉద్యోగం పోయింది.

1892 మార్చిలో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌ని, మరో ఇద్దరిని జైలు నుంచి లాక్కెళ్లి కాల్చి చంపారు. వాళ్ల కిరాణా కొట్టు బాగా నడవడం, పక్కనున్న తెల్లవాడి కొట్టుకి బేరాలు తగ్గడం, గొడవకి మూలం అదే. నల్లవాళ్లు తెల్ల ఆడవాళ్ల మీద అత్యాచారం చేస్తున్నారు కాబట్టే మూకలు చంపుతున్నాయని అప్పట్లో అందరూ నమ్మేవారు. ఐడా కూడా అంతకుముందు అది విని ఊరుకున్న మనిషే. ఇప్పుడు లెక్కలు తీసింది. లెక్కలు ఎక్కడివి? నల్లవాళ్ల పత్రికలవి కావు, తెల్లవాళ్లు నడిపే చికాగో ట్రిబ్యూన్ ఏటా అచ్చేసిన జాబితాలు. చనిపోయినవాళ్లలో మూడో వంతు మీదే ఆ ఆరోపణైనా ఉందని తేల్చింది. ఎదుటివాళ్లు అచ్చేసిన అంకెలే వాళ్ల ముందు పెడితే కాదనడానికేం మిగులుతుంది? ఆమె ఊళ్లో లేని సమయంలో ప్రెస్సు ధ్వంసం చేశారు, తిరిగొస్తే చంపుతామన్నారు. ఆ తర్వాత చికాగోలో స్థిరపడి, 1895లో లాయరు ఫెర్డినాండ్ బార్నెట్‌ని పెళ్లి చేసుకుంది.

ఇక ఓటు సంగతి. సుసాన్ బి. ఆంథొనీ పేరు ఎక్కువమంది వినే ఉంటారు. ఐడా ఆమె ఇంట్లో అతిథిగా ఉంది, ఆమెని గౌరవించింది. 1848 నుంచీ ఆడవాళ్ల ఓటుకి మద్దతిచ్చిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ని 1895 అట్లాంటా సభకి రావొద్దని ఆంథొనీయే కోరింది. దక్షిణాది తెల్ల ఆడవాళ్లు దూరమవుతారని ఆమె లెక్క. ఐడా అది తప్పని ఆమె ముఖం మీదే చెప్పింది. ఆడవాళ్లకి ఓటొస్తే అన్యాయాలన్నీ పోతాయన్న ఆంథొనీ నమ్మకాన్నీ ఒప్పుకోలేదు.

1913 జనవరిలో చికాగోలో నల్లజాతి మహిళల కోసం ఆల్ఫా సఫ్రేజ్ క్లబ్ పెట్టింది. మార్చి 3న వాషింగ్టన్‌లో పెద్ద ఊరేగింపు. ఇల్లినాయ్ జట్టుతో కాదు, వెనక నల్లవాళ్లతో నడవమన్నారు. దక్షిణాదివాళ్ల కోసం సర్దుకుపోవాలన్నారు. ఆమె జనంలోకి వెళ్లిపోయింది, ఒప్పుకుందనుకున్నారు. ఊరేగింపు కదిలాక పక్కనున్న జనంలోంచి వచ్చి ఇల్లినాయ్ వరసలో ఇద్దరు తెల్ల స్నేహితురాళ్ల మధ్య నడిచింది. (అదే ఏడు జూలైలో అంబేడ్కర్ చదువు కోసం న్యూయార్క్‌లో దిగారు.)

ఆ జూన్‌లో ఇల్లినాయ్ ఆడవాళ్లకి అధ్యక్ష, పురపాలక ఎన్నికల్లో ఓటొచ్చింది. క్లబ్బు ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి పేర్లు రాయించారు. ఇంటికెళ్లి పిల్లల్ని చూసుకోమని మగవాళ్లు ఎగతాళి చేశారు. 1915లో చికాగో నగర మండలికి తొలి నల్లజాతి సభ్యుడు ఆస్కార్ డిప్రీస్ట్ గెలిచాడంటే ఆ తిరగడం వల్ల కూడా. 1920లో దేశమంతా ఆడవాళ్లకి ఓటు హక్కు ఇచ్చారు. దక్షిణాదిలో నల్ల ఆడవాళ్లకి అది చేతికందడానికి 1965 చట్టం రావాల్సొచ్చింది. ఐడా 1931 మార్చి 25న చనిపోయింది. సగంలో ఆగిన ఆత్మకథని కూతురు 1970లో అచ్చుకి తెచ్చింది.

మన దగ్గరా అలాంటి లెక్కే ఉంది. 1921లో మద్రాసు శాసనమండలి ఆడవాళ్లకి ఓటిచ్చింది, కానీ ఆస్తి, పన్ను ఉన్నవాళ్లకే. కూలికెళ్లే మన ముత్తవ్వలు 1951–52 ఎన్నికల దాకా ఆగారు.

అందుకే వార్డెన్ గారికీ, సీనియర్లకీ నా మనవి. వచ్చే వార్షికోత్సవం డిబేట్‌కి ఈ అంశం పెట్టండి: ఆ రోజు ఐడా వెనక వరసలో నడిచి ఉంటే ఉద్యమానికి మేలు జరిగేదా? ఎవరు ఏ పక్షమో అప్పటికప్పుడు చీటీ తీయాలి. ఇరవై మార్కుల్లో ఎనిమిది, ఎదుటి పక్షంవాళ్ల పుస్తకాల్లోంచి ఆధారం తెచ్చినవాళ్లకి. ఆరు, ఎదుటివాళ్ల వాదనని వాళ్లే ఒప్పుకునేలా ముందు చెప్పి ఆ తర్వాత ఖండించినవాళ్లకి. సభలోంచి వచ్చే ప్రశ్నకి జవాబుకి నాలుగు. గొంతుకి రెండే.