బడిపిల్లల నోటి మాటకు పట్టం కట్టిన గిడుగు పంతులు

శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువలో ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి జన్మించారు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. పన్నెండో ఏట తండ్రి పోయారు. మేనమామగారి ఇంట ఉండి విజయనగరంలో మహారాజావారి బడిలో చదువుకున్నారు. ఆ బడిలో ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఈ ఇద్దరి స్నేహం తరువాతి కాలంలో తెలుగు చదువుల దారినే మార్చింది.

1880లో, పదిహేడేళ్ళ వయసులో, రామమూర్తి పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. పాఠాలు చెబుతూనే పరీక్షలకు కూర్చుని బి.ఏ. పూర్తి చేశారు. ముఖలింగం గుడిలోని శాసనాలను చదవాలన్న పట్టుదలతో పాత లిపులను సొంతంగా నేర్చుకున్నారు. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయన కళ్ళారా చూసింది ఒక్కటే: బాగా మాట్లాడగల పిల్లవాడు కలం పట్టేసరికి మూగవాడవుతున్నాడు.

సవరల ఇంట నేర్చిన పాఠం

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వారి పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వారి భాష తనకు రావాలని పంతులుగారు భావించారు. తెలుగు తెలిసిన సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. అంతవరకు రాతలో లేని ఆ భాషలో పుస్తకాలు తయారుచేశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే పుచ్చుకోక, సవరలకు బడులు పెట్టించండి, అదే చాలునన్నారు. మన్యంలో తిరిగి జ్వరాల పాలై, క్వినైన్ మందు వాడి వాడి, వినికిడి శక్తి పోగొట్టుకున్నారు. జనం మాట కోసం జీవితమంతా పోరాడిన మనిషికి ఆ మాటే చెవిన పడకుండా పోయింది.

సవర పిల్లవాడు తన మాటలో చదివితే ఎంత త్వరగా అందుకుంటాడో ఆయన చూశారు. మరి తెలుగు పిల్లవాడికి తన మాట ఎందుకు నిషిద్ధం? ఈ ప్రశ్న ఆయనను వదలలేదు.

ఇంట్లో ఒకటి, కాగితం మీద మరొకటి

ఆ రోజుల్లో వ్యాసం రాయాలంటే గ్రాంథిక భాషలోనే రాయాలి. సంతకు వెళ్ళాను, ఎడ్లను చూశాను అని చెప్పే పిల్లవాడు బడిలో సంతకుఁ బోయితిని, ఎడ్లఁ జూచితిని అని రాయాలి. అరసున్నలు తప్పకూడదు, సరళాదేశాలు తప్పకూడదు, బండి ఱ ఎక్కడ పడాలో మరవకూడదు. చూసినదీ, అనుకున్నదీ చెప్పడం వెనకబడి, తప్పులు పడతాయన్న భయమే ముందు నిలిచేది. అందుకే పిల్లలు పుస్తకాల్లోని వాక్యాలను కంఠస్థం చేసి ఒప్పచెప్పేవారు. వంద కాగితాలు దిద్దినా పిల్లవాడి సొంత ఆలోచన ఒక్కటీ కనిపించేది కాదు.

1906 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారిగా ఉత్తర జిల్లాలకు వచ్చిన జె.ఏ. యేట్స్ దొరకు కూడా ఇదే సందేహం కలిగింది. జనం మాట్లాడే తెలుగు వేరు, బడిలో నేర్పే తెలుగు వేరు ఎందుకయ్యాయని ఆయన అడిగారు. విశాఖపట్నం కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను గిడుగు, గురజాడల ముందుంచారు. నలుగురూ కలిసి ఉద్యమం లేవదీశారు.

1911లో ఉద్యోగం విరమించిన పంతులుగారు ఇక పూర్తికాలం ఈ పనికే అంకితమయ్యారు. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షలో వాడుకభాషలోనూ వ్యాసం రాయవచ్చునని అనుమతి వచ్చింది. పండితలోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో సభలు జరిగాయి. చివరకు ప్రభుత్వం వెనక్కి తగ్గి, అనుమతి తీసేసింది. 1915 నవంబరులో గురజాడ కన్నుమూశారు. చెవులు వినిపించని గిడుగు ఒక్కరే మిగిలారు.

అయినా ఆయన ఊరుకోలేదు. ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల పుస్తకాలనే తీసి, వారు చేసిన తప్పులను వరుసగా ఎత్తి చూపారు. పెద్ద పండితులకే పట్టుబడని భాషను పదేళ్ళ పిల్లవాడి మీద రుద్దడం న్యాయమా అన్నదే ఆయన వాదన. గద్య చింతామణి అనే గ్రంథంలో పూర్వుల వచనంలోనూ వాడుక మాటలు ఉన్నాయని నిరూపించారు. 1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా, ఒకప్పుడు గ్రాంథికంలో రాసిన కందుకూరి వీరేశలింగం పంతులే దానికి అధ్యక్షులయ్యారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సైతం వాడుకభాషపై నిషేధం ఎత్తివేసింది.

పంతులుగారు పాత కావ్యాలను కాదనలేదు. వాటిని చదవాలి, అర్థం చేసుకోవాలి, కాని నేటి సంగతి నేటి మాటలో రాయాలన్నారు. అయితే ఆయన కోరిన వాడుకభాష చదువుకున్నవారు మాట్లాడే శిష్ట వ్యావహారికం. పల్లె రైతు పలుకుబడికి, కూలివాని యాసకు బడిలో చోటు ఇంకా దూరంగానే ఉండిపోయింది. ఆ మిగిలిన దూరం తరువాతి తరాల వంతుకు వచ్చింది.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడంతో, యాభై ఆరేళ్ళు ఉన్న ఊరు విడిచి పంతులుగారు రాజమండ్రికి తరలివచ్చారు. ఆ వయసులోనూ పని మానలేదు. 1938లో ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1940 జనవరి 22న ఆయన పరమపదించారు. బడి పుస్తకాలన్నీ వాడుకభాషలోకి రావడం ఆయన కళ్ళతో చూడలేదు.

ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. దండలు, ఉపన్యాసాలు మంచివే. ఆ రోజున పిల్లవాడి చేతికి పలక ఇచ్చి, నిన్న పొలంలో చూసింది నీ మాటల్లో రాయమని చెప్పి, యాస చూసి నవ్వక చదివే ఉపాధ్యాయుడు ఊరికొకరు ఉంటే గిడుగు పంతులు రుణం కొంతైనా తీరుతుంది.