గిల్బర్ట్ బ్రిగ్స్: చెవికీ కంటికీ మధ్యవర్తి

ఇంట కూర్చుని మంచి సంగీతం వినదలచిన గృహస్థునకు మొదట ఎదురయ్యే చిక్కు స్వరజ్ఞానానికి సంబంధించినది కాదు, గదిలోని చోటుకు సంబంధించినది. పెద్ద లౌడ్‌స్పీకరు ఒక బీరువా ఆక్రమించేంత స్థలాన్ని ఆక్రమిస్తుంది. తెచ్చినవాడు దానిని చెవి కోసం తెస్తాడు. ఇంటిల్లిపాదీ మాత్రం అది పలుకుతున్నా పలకకున్నా దానిని కంటితో చూస్తూ కాలం గడపాలి. ఇంపైన పేటిక సరిగా పలకదనీ, సరిగా పలికే పేటిక ఇంపుగా ఉండదనీ రెండు ఫిర్యాదులు స్పీకరు పుట్టిన నాటినుండి వినవస్తున్నవే. ఈ తగవును తీర్చడానికి తన జీవితంలో సగభాగాన్ని వినియోగించిన ఆంగ్లేయుడు గిల్బర్ట్ ఆర్థర్ బ్రిగ్స్. ధ్వనిశాస్త్ర పుస్తకాలు చదివేవారికి ఒకనాడు ఆయన పేరు సుపరిచితం. మన విద్యార్థులలో ఆ పేరు విన్నవారు బహుకొద్దిమంది ఉంటారని నా ఊహ.

బ్రిగ్స్ 1890లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో, బ్రాడ్‌ఫర్డ్ నగర సమీపాన క్లేటన్ అనే ఊరిలో జన్మించాడు. బ్రాడ్‌ఫర్డ్ ఆనాడు ఉన్నివస్త్రాలకు పుట్టినిల్లు. 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు సైరనును బట్టి పొద్దు గుర్తించిన తరాన్ని ఎరిగిన మన వరంగల్లు వారికి అటువంటి ఊరిని ఊహించుకోవడం కష్టం కాదు. మన మిల్లు మూతపడింది. బ్రాడ్‌ఫర్డ్ మిల్లులలోనూ పెక్కింటికి అదే గతి పట్టింది. బ్రిగ్స్ ఆ బట్టల వ్యాపారంలోనే ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాడు. ఆయన ఇంజనీరు కాడు; విశ్వవిద్యాలయ పట్టభద్రుడూ కాడు. పియానో అంటే మాత్రం ప్రాణం. ఈ ఒక్క మమకారమే తరువాతి కథనంతా నడిపించింది. రేడియోలో పియానో వినిపించినప్పుడు అది పియానోలా కాక తకరపు డబ్బాలా మోగడం ఆయన సహించలేకపోయాడు.

1930 ప్రాంతంలో ప్రపంచాన్ని ఆవరించిన ఆర్థికమాంద్యం వస్త్రవ్యాపారాన్ని కుంగదీసింది. నలభై ఏళ్లు దాటిన వయస్సులో, అందరూ ఉన్న జీవనాధారాన్ని గట్టిగా పట్టుకొని కూర్చునే కాలంలో, బ్రిగ్స్ కొత్త దారి తొక్కాడు. 1932లో ఇల్క్‌లీ అనే ఊరిలోని తన ఇంటి నేలమాళిగలో మొదటి స్పీకరును స్వయంగా తయారుచేశాడు. ఆ ఊరు వార్ఫ్ నది లోయలో ఉంది. ఆ లోయ పేరే వార్ఫ్‌డేల్. ఆ పేరునే తన సంస్థకు పెట్టుకున్నాడు. బ్రాడ్‌ఫర్డ్ రేడియో సంఘంవారి పోటీలో ఆయన స్పీకరుకు ప్రథమ బహుమతి లభించింది. ఆ ధైర్యంతో చిన్న కర్మాగారం తెరిచాడు. తొలినాళ్లలో భార్య కూడా ఆ పనిలో చేయి కలిపింది.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోక తప్పదు. స్పీకరులోని కాగితపు శంకువు ముందుకు కదిలినప్పుడు ముందరి గాలిని నెడుతుంది. అదే క్షణాన వెనుకనున్న గాలిని పీలుస్తుంది. ఈ రెండు తరంగాలు అంచు చుట్టూ తిరిగి కలుసుకుంటే ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. హెచ్చు స్వరాలకు ఈ బాధ తక్కువ, మంద్రస్వరాలకు ఎక్కువ. సెకనుకు 40 కంపనాలు గల మంద్రధ్వని తరంగదైర్ఘ్యం గాలిలో దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు, అనగా మనలో చాలామంది ఇంటి హాలుకంటె పొడవు. కాబట్టి శంకువు ముందు వెనుకలను వేరుచేయడానికి పెద్ద పలకయైనా కావాలి, మూసిన పెట్టెయైనా కావాలి. పెట్టె మరీ చిన్నదైతే లోపలి గాలి బిగువైన స్ప్రింగువలె పనిచేసి శంకువును స్వేచ్ఛగా కదలనివ్వదు, మంద్రం సన్నగిల్లుతుంది. పెట్టె పెద్దదైతే దాని పలకలు పెద్దవవుతాయి. పెద్ద పలక తబలా చర్మంవలె తానే మోగనారంభిస్తుంది. అప్పుడు మనం వినేది గాయకుని గొంతు మాత్రమే కాదు, వడ్రంగి చెక్క గొంతు కూడా. స్పీకరు వ్యవహారంలోని కష్టమంతా ఈ రెండు మాటల మధ్యనే ఉంది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో బ్రిగ్స్ సంస్థ మంద్రానికొక యూనిట్, తారానికొక యూనిట్ అమర్చి, విద్యుత్సంకేతాన్ని రెండు పాయలుగా చీల్చే స్పీకరును తెచ్చింది. 1948లో ఆయన లౌడ్‌స్పీకర్లపై ఒక చిన్న పుస్తకం రాశాడు. వ్యాపారి తన సరుకును గురించి రాసే పుస్తకం ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఇది అలాంటిది కాదు. సామాన్యుడు చదివి నవ్వుకుంటూ అర్థంచేసుకోగల పుస్తకం అది, బాగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడు ధ్వని పునరుత్పత్తిపై ఇంకొకటి, 1951లో పియానోలపై వేరొకటి వెలువడ్డాయి. పేటిక పలక ఎంత మందం ఉండాలి, లోపల ఎక్కడ ఉన్ని అతికించాలి, గది మూలలో ఎందుకు ఉంచాలి అన్న రహస్యాలు దాచుకోకుండా చెప్పాడు. చదివినవాడు పేటికను తానే కట్టుకుంటే తన లాభం తగ్గుతుంది కదా అని ఆయన ఆలోచించినట్లు కనపడదు.

ఆ పుస్తకాలలో ఆయన వివరించిన వాటిలో నాకు మిక్కిలి నచ్చినది ఇటుక పేటిక. గది మూలలో రెండు గోడలు ఉండనే ఉన్నాయి. వాటికి అడ్డంగా ఇటుకతోనో కాంక్రీటుతోనో ముందుగోడ కట్టి, అందులో స్పీకరు బిగించడం. ఇటుకగోడ కంపించదు, కాబట్టి దాని గొంతు వినిపించదు. పైగా మూలలోని గోడలూ నేలా మంద్రధ్వనిని గదిలోనికి మళ్లించి బలపరుస్తాయి. చెవి దృష్టితో దానికి వంక లేదు. కన్ను మాటేమిటి? ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోలేని స్పీకరును, వంటింటి పొయ్యిగద్దెవంటి దానిని, ముందుగదిలో ఏ ఇల్లాలు అంగీకరిస్తుంది? ఈ ప్రశ్నను బ్రిగ్స్ హేళన చేయలేదు. చాలామంది నిపుణులకు లేని వినయం ఇక్కడే ఆయనలో కనిపిస్తుంది. ఇంటివారి అభ్యంతరాన్ని అజ్ఞానంగా తోసివేయక, ఇటుకలోని గుణమేదో చెక్కలోకి తేవడమెలా అన్న దిశగా ఆయన యోచించాడు.

జవాబు ఇసుకలో దొరికింది. రెండు పలుచని ప్లైవుడ్ పలకల నడుమ ఖాళీ ఉంచి, అందులో బాగా ఎండిన ఇసుక నింపితే ఆ పలక బరువెక్కుతుంది; కంపించబోయినప్పుడు ఇసుకరేణువులు ఒకదానితో ఒకటి రాచుకొని ఆ శక్తిని వేడిగా మార్చి హరిస్తాయి. వేలితో తట్టి చూస్తే డబడబ మోగదు, దబ్బున ఆగిపోతుంది. ఈ సూత్రంపై 1956 ప్రాంతంలో వచ్చిన స్పీకరు ఎస్.ఎఫ్.బి.3. దానికి వెనుక మూత లేదు. ఇసుక నింపిన ముందుపలకే ప్రధానం. పన్నెండంగుళాల యూనిట్, పదంగుళాల యూనిట్ ముందుకు చూస్తుంటాయి. తారస్వరాలకై మూడంగుళాల చిన్న యూనిట్ పైకప్పువైపు చూస్తూ ఉంటుంది. హెచ్చు స్వరాలు బాణంవలె ఒకే దిక్కుకు పోక గది అంతటా పరచుకోవాలని ఆ ఏర్పాటు. లోతు తక్కువ గనుక బీరువాలా కాక ఒక అడ్డుతెరలా గదిలో ఒదిగిపోతుంది. మూత లేనందున అట్టడుగు మంద్రంలో కొంత వదులుకోవలసి వచ్చింది. దానికి బదులు పెట్టె మోత పూర్తిగా తప్పింది. బేరమంటే ఇదే. ఇసుక లోపల ఉన్నది. పైన ఏ మేలురకం చెక్కపొర అతికినా, ఎంత నునుపుగా మెరుగుపెట్టినా ధ్వనికి నష్టం లేదు. పరిమాణం, బిగువు, బరువు చెవి సొత్తుగానూ, పైపొర, రంగు, కాళ్లు కంటి సొత్తుగానూ విభజించిన భాగపరిష్కారం అది.

పైకి చూసే ఆ చిన్న యూనిట్‌ను తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. మన ఇళ్లలో రేడియోకు అల్లిక గుడ్డ కప్పి, దానిమీద పూలకుండీ, కుండీ పక్కన పెళ్లి ఫోటో పెట్టడం ఆచారం. ఎస్.ఎఫ్.బి.3 వరంగల్లు ఇంటికి వచ్చి ఉంటే మొదటివారంలోనే దాని తారస్వరాలకు ముసుగు పడేది. ముందువైపు కప్పే బట్ట విషయంలోనూ అంతే. చిక్కని జరీగుడ్డ చూపుకు ఘనంగా ఉంటుంది, కాని హెచ్చు స్వరాలను మింగివేస్తుంది. వదులు నేత గలది పేదగా కనిపిస్తుంది, కాని గాలిని పోనిస్తుంది. జీవితంలో ఇరవై ఏళ్లు బట్టల మధ్య గడిపినవానికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. నేలమీద పరచే మన వరంగల్లు జంపఖానా మాత్రం మేలే చేస్తుంది. గచ్చునేల, సున్నపుగోడలు గల ఖాళీ గదిలో మాట ప్రతిధ్వనిస్తుంది; జంపఖానా, పరుపులు, పుస్తకాల అర ఆ మోతను అణచుతాయి. ధ్వని బాగులేదని స్పీకరు మార్చే ముందు గదిని చూడాలి.

బ్రిగ్స్ తన పేటికలను పరీక్షకు పెట్టిన తీరు సాహసంతో కూడినది. 1954లో మొదట బ్రాడ్‌ఫర్డ్‌లోని సెయింట్ జార్జ్ హాలులో, ఆ ఏడాది నవంబరులో లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలులో ప్రదర్శనలు ఇచ్చాడు. వేదికపై ఒకపక్క సంగీత విద్వాంసులు, మరొకపక్క స్పీకర్లు. విద్వాంసుడు వాయించిన తరువాత అదే కృతిని రికార్డునుండి వినిపించేవారు. తేడా ఎంతో శ్రోతలే తేల్చుకోవాలి. సుమారు మూడువేలమంది పట్టే ఆ హాలుకు నాటి ఆంప్లిఫయర్ల శక్తి నేటి లెక్కలో బహు స్వల్పం. క్వాడ్ ఆంప్లిఫయర్లను నిర్మించిన పీటర్ వాకర్ ఆయనకు తోడు నిలిచాడు. 1955లో అట్లాంటిక్ దాటి న్యూయార్కులోని కార్నెగీ హాలులోనూ ఇదే ప్రదర్శన జరిపాడు. యంత్రం చెడినా, విద్వాంసుడే గెలిచినా పరువు పోయేది వేలమంది ఎదుట. తన సరుకు పక్కన అసలు సరుకును నిలబెట్టి పోల్చుకొమ్మనే వ్యాపారులు ఎందరుంటారు?

ఆ విజయాల వెంటనే కాలం ఎదురుతిరిగింది. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లోనే, మూసిన చిన్నపెట్టెలోని గాలి బిగువునే మంద్రానికి ఉపకరణంగా మలచే పద్ధతిని కనిపెట్టాడు. 1958లో స్టీరియో రికార్డులు అంగడికి వచ్చాయి. అంతవరకు గదికి ఒక పెద్ద పేటిక చాలు. ఇప్పుడు రెండు కావాలి. ఒక బీరువాకు ఎట్లో సర్దుకున్న ఇల్లు జంట బీరువాలకు ఒప్పుకోలేదు. మూలలో ఉంచే పెద్ద పేటికలు, ఇటుక పేటికలు వెనుకబడి, పుస్తకాల అరలో ఇమిడే చిన్నపెట్టెలు ముందుకు వచ్చాయి. ఆ 1958లోనే బ్రిగ్స్ తన సంస్థను రాంక్ సంస్థకు విక్రయించాడు. ఆయన వద్ద సాంకేతిక బాధ్యతలు వహించిన రేమండ్ కుక్ బయటికి వెళ్లి 1961లో కెఫ్ అనే సంస్థను స్థాపించాడు. వార్ఫ్‌డేల్ కూడా చిన్నపెట్టెలు చేయక తప్పలేదు. చెవికీ కంటికీ బ్రిగ్స్ కుదిర్చిన ఒప్పందాన్ని చివరకు మార్చింది శాస్త్రం ఒక్కటే కాదు, ముందుగది వైశాల్యం కూడా. ఇందులో చెవికి జరిగిన నష్టం లేకపోలేదని నా అభిప్రాయం. చిన్నపెట్టె మంద్రాన్ని అందించగలదు గాని, అందుకు ఎక్కువ విద్యుచ్ఛక్తిని కోరుతుంది.

సంస్థ చేతులు మారినా బ్రిగ్స్ కలం ఆగలేదు. 1962లో పేటికల నిర్మాణం గురించే ప్రత్యేకంగా ఒక చేతిపుస్తకం ప్రకటించాడు. అంతకు ముందటి ఏడు ధ్వనిరంగంలో పనిచేసినవారి జీవితాలను కూర్చి ఒక గ్రంథం వెలువరించాడు. వృద్ధాప్యంలో, 1967లో, వినికిడిని గురించి మరొకటి రాశాడు. ఎన్ని పేటికలు కట్టినా వినవలసినది చివరకు మనిషి చెవే కనుక ఆ పుస్తకం ఆయన రాయడం ఎంతో సహజంగా తోస్తుంది. 1978లో, ఎనభైయేడేళ్ల వయస్సులో బ్రిగ్స్ కన్నుమూశాడు. ఆయన ఇసుక పలకల స్పీకర్లను నేటికీ భద్రపరచుకొని వింటున్న అభిమానులు ఇంగ్లండులో ఉన్నారు. వాటిని ఒక గదినుండి మరొక గదికి మార్చాలంటే మాత్రం ఇద్దరు మనుషులు కావలసిందే.